బఫింగ్‌కి ఒప్పుకునే ముందు

"ఆర్నెల్లకోసారి బఫింగ్ చేయిస్తే బండి ఎప్పటికీ కొత్తదానిలా ఉంటుంది." కారున్న వాళ్ళందరూ ఎక్కడో ఒకచోట ఈ మాట వినే ఉంటారు. బఫింగ్ అంటే తిరిగే మెషీన్ ప్యాడ్‌కి పాలిష్ మందు పట్టించి, పెయింట్‌ని రుద్ది మెరిపించడం. సర్వీసింగ్ బిల్లులో అదొక వరుసగా వస్తుంది, కొత్త కారు తాళాలు చేతికిచ్చేటప్పుడు సలహాగా వస్తుంది, వీడియోల్లోనైతే చెప్పనక్కర్లేదు. చెప్పేవాళ్ళలో చాలామందికి దురుద్దేశం ఏమీ ఉండదు. అయినా ఈ సలహాని తు.చ. తప్పకుండా పాటించిన కారు పెయింటే అందరికంటే ముందు పోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పెయింట్ సంరక్షణలో సగం పని దాన్ని తక్కువగా ముట్టుకోవడం. మిగతా సగం అసలు మెరవని చోట్ల ఉంటుంది: తలుపుల అడుగున, చక్రాల పైనున్న వంపుల లోపల, రాయి తగిలి పెచ్చు లేచిన చోట. మనం డబ్బూ ఓపికా మెరిసేచోట ఖర్చుపెడుతున్నాం, కారు మాత్రం మెరవని చోట చచ్చిపోతోంది.

తరిగేదే తప్ప పెరిగేది కాదు

మామూలు తెల్ల కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ఈ-కోట్ (రేకుని తుప్పు నుంచి కాచే అడుగు పొర), ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే పొర), బేస్ కోట్ (రంగు పొర), క్లియర్ కోట్ (అన్నిటికంటే పైన ఉండే పారదర్శక పొర) నాలుగూ కలిపినా చాలావరకు 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే ఒకటి, ఒకటిన్నర కాగితాల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50. ఎండ, వాన, పక్షి రెట్ట, చెట్టు జిగురు, మనం రుద్దే బట్ట అన్నీ తగిలేది ఈ పలుచని పొరకే.

బఫింగ్‌తో గీతలు మాయమవుతాయంటే, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత అడుగు మట్టానికి అరగదీస్తున్నామని అర్థం. గట్టి రబ్బింగ్ కాంపౌండ్, ఊలు ప్యాడ్ కలిస్తే ఒక్క విడతలో 3 నుంచి 5 మైక్రాన్లు పోవచ్చు. మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ పాలిష్ అయితే ఒక మైక్రాన్ లోపే. ప్యాడ్, మందు, చేతి ఒత్తిడిని బట్టి లెక్క మారుతుంది కానీ పోయింది తిరిగి రాదన్నది మారదు. క్లియర్ కోట్‌లో ఎండలోని అతినీలలోహిత కిరణాలని పీల్చుకునే రసాయనాలు ఉంటాయి. పొర పలచబడితే ఆ కాపలా కూడా పలచబడుతుంది. అందుకే కారు జీవితకాలం మొత్తంలో 8 మైక్రాన్ల కంటే ఎక్కువ తీయకూడదని పని తెలిసినవాళ్ళు ఒక గీత గీసుకుంటారు. ఆర్నెల్లకోసారి 2 మైక్రాన్ల చొప్పున తీసినా రెండేళ్ళలో ఆ గీత దగ్గరికి చేరతాం. ఆపైన కారుకి ఇంకా పదేళ్ళ ఎండ ఉంటుంది.

క్లియర్ కోట్ ఓడిపోయిందని కారే చెబుతుంది. టాప్ మీద, బానెట్ మీద, అంటే ఎండ నిలువుగా పడేచోట, ముందు కాంతి తగ్గుతుంది. తర్వాత తెల్లటి మచ్చలు వస్తాయి. ఆపైన అంచుల నుంచి పొరలుగా లేస్తుంది. అలాంటి మచ్చ మీద నీళ్ళు చల్లితే ఒక్కసారిగా రంగు తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది, ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది. ఆ తడి మెరుపు చూసి "పాలిష్ పడితే వచ్చేస్తుంది" అనుకుని డబ్బు పోసేవాళ్ళు ఎందరో. ఆ దశలో ఏ పాలిషూ పనిచేయదు. క్లియర్ కోట్‌ని అంతా గీకేసి ఆ ప్యానెల్‌ని మళ్ళీ పెయింట్ చేయడమొక్కటే దారి.

ఈ సలహా ఊరికే పుట్టలేదు

"మరి పాత రోజుల్లో అందరూ పాలిష్ చేసేవాళ్ళు కదా?" అనే ప్రశ్న న్యాయమైనదే. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో ల్యాకర్ రంగులు తెచ్చిన దగ్గర్నుంచి చాలా దశాబ్దాల పాటు కారు రంగుకి పైన కాపలా పొర ఉండేది కాదు. రంగే పై పొర. ఎండకి అది పొడిబారి, వేలితో తాకితే సున్నంలా అంటేది. ఆ చచ్చిన పొరని తీసేస్తే కింద తాజా రంగు బయటపడేది. రంగు కూడా ఇప్పటి క్లియర్ కోట్ కంటే మందంగా పట్టించేవాళ్ళు. అప్పుడు పాలిష్ నిజంగా సంరక్షణే. 1980లలో బేస్ కోట్, క్లియర్ కోట్ పద్ధతి వ్యాపించాక పెయింట్ మారిపోయింది, సలహా మాత్రం మారలేదు.

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం తేలిక. కనపడని మూల తెల్లబట్ట మీద చిటికెడు పాలిష్ వేసి రుద్దండి. బట్టకి కారు రంగు అంటితే పై పొర లేని పెయింట్. అంటకపోతే మీరు రుద్దుతున్నది క్లియర్ కోట్‌ని. మొదటి రకానికి ఏడాదికోసారి తేలికపాటి పాలిష్ పడితే తప్పు లేదు.

గుండ్రటి గీతలు గుండ్రంగా ఉండవు

బఫింగ్ అమ్మేవాళ్ళ చేతిలో పెద్ద ఆయుధం టార్చిలైటు. నల్ల కారు మీద లైటు వేసి, దాని చుట్టూ సాలెగూడులా కనపడే సన్నని గీతలు చూపిస్తారు. చూసినవాళ్ళకి గుండె జారుతుంది. "గుండ్రంగా తుడిచారు, అందుకే ఇలా" అంటారు. నిజానికి ఆ గీతల్లో చాలావరకు అన్ని దిక్కులకీ పోయిన తిన్నని గీతలు. లైటుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగుని కంటి వైపు తిప్పుతాయి కాబట్టి లైటు చుట్టూ వలయంలా కనిపిస్తాయి. లైటుని పక్కకి జరపండి, వలయం కూడా దానితో జరుగుతుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ గీతలు అందానికి సంబంధించినవే తప్ప ఆరోగ్యానికి సంబంధించినవి కావు. ఒక మైక్రాన్ లోతు గీతలోంచి నీళ్ళు రేకుని చేరవు, తుప్పు రాదు. వాటిని తీయాలని ఉంటే తీయించుకోండి, అది మీ కంటికి ఇచ్చుకునే కానుక. పెయింట్‌కి వైద్యం అనుకోకండి. లేత రంగు బండి మీద అవే గీతలు ఉన్నా ఎవరికీ కనపడవు, ఆ బండికేమీ కాదు.

తీయించాలనే అనుకుంటే సరిగ్గా తీయించాలి. ముందు పెయింట్ మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల చూడాలి. 80 లోపు వస్తే అక్కడ ఇప్పటికే ఎవరో బాగా అరగదీసి ఉండొచ్చు, ఇక ముట్టుకోకూడదు. 200, 300 వస్తే మళ్ళీ పెయింట్ వేసిన ప్యానెల్. 1000 దాటితే కింద పుట్టీ (సొట్టలు నింపే ముద్ద) ఉంది. ఈ మీటరు మొత్తం మందాన్ని చెబుతుందే కానీ క్లియర్ కోట్‌ని విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీదైతే మామూలు మీటరు అసలు పనిచేయదు. కాబట్టి మంచి రీడింగు వచ్చినా ధైర్యం చేయడానికి అది చాలదు.

తర్వాత రెండు అడుగుల చదరంలో పరీక్ష. అన్నిటికంటే మెత్తని ప్యాడ్, అన్నిటికంటే తేలిక పాలిష్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతేనే ఒక మెట్టు ఎక్కాలి. నూరు శాతం గీతలు పోవాలని పట్టుపట్టకూడదు. ముప్పావు వంతు పోతే ఆగిపోవడం తెలివి, చివరి పావు వంతు కోసం తీసే మైక్రాన్లే ఎక్కువ. గోరు అడ్డంగా లాగితే తగులుకునే గీత పాలిష్‌తో పోయేది కాదు, దాన్ని వదిలేయాలి. ప్యానెల్ అంచుల మీద, బానెట్ మీది మడతల మీద టేపు వేయాలి. తడి పెయింట్ వాడి అంచుల నుంచి వెనక్కి జారుతుంది కాబట్టి అక్కడ పొర సహజంగానే పలచన. ఒకే దిక్కుకి తిరిగే రోటరీ మెషీన్ ఆ అంచు మీద రెండు క్షణాలు ఎక్కువ ఆగినా కింది రంగు బయటపడుతుంది. ప్లాస్టిక్ బంపర్ వేడిని పక్కకి పంపలేదు కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యుయల్ యాక్షన్ మెషీన్ నిదానం, అదే దాని సుగుణం.

పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్ళలో 15 శాతం కలిపి, ఆ ప్యానెల్‌ని తుడిచి మళ్ళీ లైటు వేయమనండి. చాలా పాలిష్‌లలో గీతలని తాత్కాలికంగా నింపే నూనెలు ఉంటాయి. అవి నాలుగు వాషింగులకి కొట్టుకుపోయి, "మళ్ళీ గీతలొచ్చాయి" అనిపించి, మళ్ళీ బఫింగ్‌కి పంపిస్తాయి. ఆర్నెల్ల చక్రం తిరిగేది ఇలాగే.

గీతలు పుట్టేది బకెట్ దగ్గర

రోడ్డు ధూళిలో ఇసుక ఉంటుంది. ఇసుకంటే ఎక్కువగా క్వార్ట్జ్. అది ఏ క్లియర్ కోట్ కంటే అయినా గట్టిది. రోజూ పొద్దున్నే పొడి బట్టతో బండి తుడవడం చూడ్డానికి శ్రద్ధలా ఉంటుంది. జరిగేది మాత్రం సన్నని గరుకు కాగితంతో రోజూ ఒకసారి రుద్దడమే. ధూళి పట్టి నిలబడ్డ కారుకి ఏమీ కాదు. ధూళిని పొడిగా తుడిస్తే అవుతుంది. ఈ ఒక్క అలవాటు మానేస్తే సగం గీతలు పుట్టవని గట్టిగా నమ్ముతాను. అద్దాలు మాత్రం తుడుచుకోండి, అది భద్రతకి.

రెండు వారాలకోసారి సరైన వాషింగ్ చాలు. నీడలో, బానెట్ చల్లారాక. ముందు చక్రాలు, వాటికి విడి బకెట్, విడి బట్ట. బ్రేకు ధూళిలో ఇనుప రజను ఉంటుంది, అది బాడీ మీదికి రాకూడదు. తర్వాత పైనుంచి కిందికి ధారాళంగా నీళ్ళు. ప్రెషర్ వాషర్ అయితే కనీసం 30 సెంటీమీటర్ల దూరం, వెడల్పు ధార. పెచ్చు లేచిన చోటికి, మళ్ళీ పెయింట్ వేసిన ప్యానెల్ అంచుకి ధారని గురిపెడితే పొర కిందికి నీళ్ళు దూరి రేకు నుంచి లేపేస్తుంది. చేయి తగలకముందే ఎంత మట్టి పోతే అంత మంచిది. ఫోమ్ చల్లి ఐదు నిమిషాలు వదిలేసే పద్ధతికి అసలు విలువ ఇదే. ఆరిపోకుండా కడిగేయాలి.

అప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ, సీసా మీద చెప్పిన పాళ్ళలో. రెండోదాంట్లో వట్టి నీళ్ళు. ఒక ప్యానెల్ కాగానే వాష్ మిట్‌ని (పోగులున్న చేతి తొడుగుని) వట్టి నీళ్ళలో జాడించి, పిండి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. పని చివర వట్టి నీళ్ళ బకెట్ అడుగున పేరుకున్న ఇసుకని ఒకసారి చేత్తో తాకి చూడండి. ఒకే బకెట్ వాడితే అదంతా కారు మీదే తిరిగేది. తలుపుల కింది మూడో వంతు, వెనక బంపర్ చివర్లో. గిన్నెల సబ్బు వద్దు, అది ఉన్న మైనాన్ని కడిగేస్తుంది. స్పాంజి కూడా వద్దు. దాని చదును ముఖానికి ఇసుక రేణువు దూరే చోటు లేక పెయింట్‌కీ స్పాంజికీ మధ్యనే చిక్కుకుంటుంది. మిట్ పోగుల్లో అయితే లోపలికి పోతుంది.

ఆరబెట్టడంలో ఇంకా ఎక్కువ గీతలు పడతాయి. పెద్ద మైక్రోఫైబర్ తువాలుని పరిచి, దాని బరువుతోనే నెమ్మదిగా లాగాలి, రుద్దకూడదు. నేల మీద పడ్డ బట్ట మళ్ళీ పెయింట్ మీదికి పోకూడదు, చక్రాలకి వాడుకోండి. మైక్రోఫైబర్ బట్టలని విడిగా ఉతకాలి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం పోగులకి పూతలా అంటుకుని నీళ్ళు పీల్చనివ్వదు.

బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాషింగ్ గురించి ఒక్క మాట: మీ ముందు వెళ్ళిన బండి బురద ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది. నీళ్ళ కొరత ఉన్నచోట, బండి మీద పలుచని ధూళి మాత్రమే ఉంటే, జాడించక్కర్లేని వాషింగ్ ద్రవాలు మంచి ప్రత్యామ్నాయమే. కానీ తడిపిన బట్టలు ఏడెనిమిది ఉండాలి, ఒక్కో మడత ఒక్కసారే తగలాలి. బురద ఉన్న బండికి అది పనికిరాదు.

కవర్ వేస్తే సరిపోదా అంటారు. శుభ్రంగా, పూర్తిగా ఆరిన కారుకి, గాలి ఆడే కవర్ అయితే సరే. ధూళి మీద కవర్ వేస్తే గాలికి అది రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది. గాలాడని ప్లాస్టిక్ కవర్ కింద తడి చిక్కుకుంటే క్లియర్ కోట్ పాలిపోతుంది, పొక్కులు కూడా రావచ్చు.

ఆలస్యం చేయకూడని మరకలు

ముట్టుకోవద్దని ఇంత చెప్పాక దీనికి మినహాయింపు చెప్పాలి. పక్షి రెట్ట పడితే వారాంతం వాషింగ్ దాకా ఆగకూడదు. ఎండకి క్లియర్ కోట్ వేడెక్కి కాస్త మెత్తబడి సాగుతుంది. అదే సమయంలో రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడినప్పుడు క్లియర్ కోట్ ముడుచుకుంటూ ఆ గట్టి రెట్ట ఆకారాన్ని అచ్చు తీసుకుంటుంది. రెట్టలోని ఆమ్లం దీనికి తోడు. తుడిచాక కూడా మిగిలే కాంతిహీనమైన మచ్చ అదే. తడి టిష్యూ కాగితాన్ని దాని మీద పది నిమిషాలు పరిచి ఉంచి, నానాక రుద్దకుండా ఎత్తి తీసేయాలి. ఎండినదాన్ని గోకితే అందులోని గింజలూ ఇసుకా గీతలు పెడతాయి.

చెట్టు జిగురుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తారు చుక్కలకి తారు తీసే ద్రవం. రెండిటి తర్వాతా షాంపూతో కడగాలి. ఉప్పునీళ్ళ (కఠినజలం) తెల్ల మచ్చలు కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వినెగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి, బట్టతో అద్ది, రెండు నిమిషాల్లో కడిగేస్తే చాలావరకు పోతాయి. అలా పోకపోతే మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగిందని లెక్క.

కడిగాక కూడా పెయింట్ గరుగ్గా అనిపిస్తే, చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి మెల్లగా నిమిరి చూడండి. గింజల్లా తగిలేవి పెయింట్‌లో దిగబడ్డ ఇనుప రజను కావచ్చు. ఇనుము కరిగించే ద్రవం చల్లితే ఊదారంగుకి తిరిగి కారుతుంది. ఆరకముందే కడిగేయాలి. అప్పటికీ మిగిలితేనే క్లే బార్ (దిగబడ్డ మురికిని అంటించుకుని లాగే మెత్తని ముద్ద), అదీ ఏడాదికి ఒకసారికి మించకుండా, జారుడు ద్రవం ధారాళంగా వాడుతూ. నేల మీద పడ్డ క్లే ముక్కని పారేయాలి. క్లే కూడా సన్నని గీతలు పెడుతుంది కాబట్టి "ఎలాగూ చేస్తున్నాం కదా" అని చేయకూడదు.

సిరామిక్ కోటింగ్ మీద నా సందేహాలు

సిరామిక్ కోటింగ్ అంటే పెయింట్ మీద రాస్తే గట్టిపడే పలుచని ద్రవ పూత. అది వేసిన బానెట్ మీద లైటర్ వెలిగించి చూపించడం చూసే ఉంటారు. మామూలు క్లియర్ కోట్ కూడా ఒకటి రెండు క్షణాల మంటకి తట్టుకుంటుంది, రేకు ఆ వేడిని లాగేస్తుంది. "9హెచ్ గట్టిదనం" అనేది పెన్సిల్ పరీక్షలో కొలమానం. 9హెచ్ పెన్సిల్ గీత పడలేదంటే పెన్సిల్‌ని తట్టుకుందని అర్థం, ఇసుకని తట్టుకుంటుందని కాదు. పైగా ఆ పూత మందం చాలావరకు ఒకటి రెండు మైక్రాన్లు. దాన్ని దాటి గీత పడటానికి ఎంతో బలం అక్కర్లేదు.

అలాగని అది వృథా అనను. నీళ్ళు జారిపోతాయి, మట్టి గట్టిగా అంటదు, తక్కువ తాకిడితో కడగొచ్చు. నా వాదనకి అది అనుకూలమే. ఇబ్బంది ఏమిటంటే కోటింగ్ వేసే ముందు "కరెక్షన్" పేరుతో సరికొత్త కారుని కూడా మెషీన్‌తో అరగదీస్తారు. కొత్త కారుకైతే వాషింగ్, ఇనుప రజను తీయడం, ఆల్కహాల్‌తో తుడవడం, ఆపై కోటింగ్. ఇంతవరకే ఒప్పుకోండి. కార్నూబా మైనం నెలా రెండు నెలలు, సింథటిక్ సీలెంట్ కొన్ని నెలలు ఉంటాయి. చేత్తో రాసేవి, ఒక్క మైక్రానూ తీయవు. ఓపిక ఉన్నవాళ్ళకి అవి చాలు.

రాళ్ళ దెబ్బని నిజంగా ఆపేది పారదర్శక ఫిల్మ్, 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది. బండంతా అక్కర్లేదు. ముందు బంపర్, బానెట్ ముందంచు, సైడ్ మిర్రర్ల వెనుకభాగాలు, చక్రాల వెనక తలుపుల అడుగు. మళ్ళీ పెయింట్ వేసిన ప్యానెల్ మీద మాత్రం జాగ్రత్త, తీసేటప్పుడు ఫిల్మ్‌తో పాటు పెయింట్ కూడా లేచి రావచ్చు.

పెచ్చు చిన్నదైనా లెక్క పెద్దది

సాలెగూడు గీతలకి గుండె బాదుకునేవాళ్ళే బానెట్ అంచున రేకు కనపడుతున్న ఆవగింజంత పెచ్చుని నెలల తరబడి పట్టించుకోరు. నాకు బాధ కలిగేది ఇక్కడే. తడి, ఉప్పు అక్కడ రేకుని చేరి, పక్కనున్న మంచి పెయింట్ కిందికి పాకుతాయి. ఇనుము తుప్పయితే పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పెయింట్ లేస్తుంది.

టచప్‌కి అరగంట చాలు. తలుపు ఫ్రేము మీదో బానెట్ కిందో ఉన్న పట్టీలో రంగు కోడ్ చూసి టచప్ సీసా తెచ్చుకోవాలి. పెచ్చుని ఆల్కహాల్‌తో తుడవాలి. తుప్పు ఉంటే మడిచిన 400 నంబరు వాటర్ పేపర్ మొనతో రేకు తెల్లగా కనపడేదాకా గీకాలి. అగ్గిపుల్ల మొనతో ప్రైమర్ ఒక చుక్క, ఆరాక రంగు పలుచగా రెండు మూడు విడతలు, ఒక్కో విడతకి అరగంట విరామం. చివర క్లియర్. అందరూ చేసే తప్పు సీసా బ్రష్‌తో ఒకేసారి బొట్టు పెట్టేయడం. పైన తోలు కట్టి లోపల థిన్నర్ చిక్కుకుంటుంది, తర్వాత కుంగుతుంది. ఎత్తుగా మిగిలిన బొట్టుని గీకి మట్టం చేయాలనే ఆరాటం వద్దు. చుట్టూ ఉన్న మంచి క్లియర్ కోట్ పోతుంది. దూరం నుంచి కనపడదు, రేకు మూసుకుంది, అది చాలు. గోళ్ళ రంగు మాత్రం పూయకండి, అది ఎండకి పగులుతుంది.

డెంట్ పడితే ముందు చూడాల్సింది పెయింట్ పగిలిందా లేదా అని. పగలకపోతే, మడత వాడిగా లేకపోతే, లోపలి నుంచి కడ్డీలతో మెల్లగా నెట్టే పెయింట్‌లెస్ పద్ధతిలో తీయించుకోవాలి. కంపెనీలో క్లియర్ కోట్‌ని సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, అప్పటికి కారులో వైర్లూ సీట్లూ ఉండవు. బయట ఏ పెయింటర్ అయినా 60, 70 డిగ్రీలు దాటలేడు. రెండు భాగాల రసాయనాలతో మంచి పెయింటర్ మంచి ఫలితమే తేగలడు. కానీ అంచుల దగ్గర కలిపే గీత, మెటాలిక్ రంగులో రేణువుల వాలు, కింద ఈ-కోట్ లేని రేకు ముక్క, వీటిని కంపెనీ స్థాయికి తేవడం కష్టం. చిన్న గీతకి ప్యానెలంతా పెయింట్ వేయించడాన్ని నేను వ్యతిరేకించేది అందుకే.

పుట్టీ తప్పనిసరైతే టింకరింగ్‌తో రేకుని వీలైనంత మట్టానికి తెచ్చాకే. 3 మిల్లీమీటర్లు మించితే పగులుతుంది. హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం. ఎక్కువైతే పైన వేసిన రంగులోకి మరక ఎక్కుతుంది, తక్కువైతే గట్టిపడదు. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది కాబట్టి తడి పేపర్‌తో రుద్దకూడదు, ప్రైమర్ లేకుండా రాత్రంతా ఆరుబయట వదలకూడదు. పెయింట్ అయ్యాక రెండు మూడు నెలలు మైనం, కోటింగ్ ఏదీ వద్దు, లోపలి ద్రావకాలు ఆవిరై పోవాలి.

మెరవని చోట

పెయింట్ మీద పొక్కు కనిపిస్తే బయటి నుంచి వచ్చిందేమో అనుకుంటాం. తలుపు అడుగంచున, చక్రం పై వంపు అంచున వచ్చే పొక్కులు చాలావరకు లోపలి నుంచి వచ్చినవి. బయటికి కనపడేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది.

అద్దం పక్కనున్న రబ్బరు దాటి వాననీరు తలుపులోకి దిగడం సహజం. అందుకే తలుపు అడుగున రెండు మూడు నీటి రంధ్రాలు ఉంటాయి. ముందద్దం కింద వైపర్ల దగ్గర, డిక్కీ మూత అడుగున, పెట్రోల్ మూత గూటిలో, సన్‌రూఫ్ మూలల్లో, తలుపుల కింద పొడవునా ఉండే సిల్‌లోనూ ఉంటాయి. ఎండుటాకులూ మట్టీ చేరి ఇవి మూసుకుపోతాయి. ఏడాదికి రెండుసార్లు మోకాళ్ళ మీద కూర్చుని వీటిని వెతికి తెరిస్తే, ఆ గంట పని పది బఫింగులకంటే ఎక్కువ ఆయుష్షు పోస్తుంది. ప్లాస్టిక్ కేబుల్ టై చాలు. ఇనుప తీగ వద్దు, రంధ్రం అంచున ఉన్న ఈ-కోట్‌ని గీకేస్తుంది.

చక్రాల వంపు లోపలి అంచులో మట్టి ముద్దలా పేరుకుని వారాల తరబడి తడిగా ఉంటుంది. వాషింగ్‌లో పైపు అక్కడ రెండు నిమిషాలు పట్టాలి. సముద్రతీరంలో, మంచు మీద ఉప్పు చల్లే చోట్ల, అడుగుభాగమంతా కడగడం బానెట్ కడగడం కంటే ముఖ్యం. ఉప్పు అంటిన తడి బండిని వెచ్చని మూసిన గదిలో పెడితే ఆరుబయట చలిలో పెట్టినదానికంటే వేగంగా తుప్పు పడుతుంది. కప్పు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

అడుగున నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టిస్తామంటారు. శుభ్రమైన కొత్త రేకు మీద అయితే ఫర్వాలేదు. తుప్పు మొదలైనచోట కొడితే తడిని లోపల బంధిస్తుంది, పైకి ఏమీ తెలియదు. మెత్తగా ఉండి సందుల్లోకి పాకే మైనం లేదా లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) రకాలు మేలు.

కడిగాక తలుపుని మెల్లగా ఆడించి వినండి. లోపల నీళ్ళు తొణికిన చప్పుడైతే రంధ్రాలు మూసుకున్నట్టే. తెరవగానే గోధుమరంగు నీళ్ళు కారతాయి. పూర్తిగా కారాక ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి, పొడవాటి సన్న గొట్టం ఉన్న క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల చల్లే మైనం) డబ్బాతో రంధ్రం గుండానే లోపలికి చల్లాలి. గొట్టాన్ని నెమ్మదిగా వెనక్కి లాగుతూ చల్లితే అడుగు అతుకంతా తడుస్తుంది. కింద కాగితం పరవండి, మిగులు మైనం కారుతుంది. మర్నాడు కేబుల్ టైతో ప్రతి రంధ్రాన్నీ ఒకసారి పొడిచి, మైనంతో మూసుకుపోలేదని చూసుకోవాలి.